ఫోనుకు నిజం చెప్పని మాస్టారు

టేపు మాస్టారు మనుషులకు అబద్ధం చెప్పరు, ఫోనుకు నిజం చెప్పరు. ఆయన గురించి తెలుసుకోవాల్సిందంతా ఈ ఒక్క ముక్కలో ఉంది. మిగతాదంతా ఆ ముక్క వల్ల ఇంట్లోవాళ్లు పడిన పాట్లు.

వీధి చివర దర్జీ దుకాణం ఆయనది. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు కాబట్టి అందరికీ ఆయన టేపు మాస్టారు. ఇంట్లో ఆయన, భార్య, కొడుకు, కోడలు. కోడలు కరెంటాఫీసులో ఫిర్యాదుల ఫోన్లు తీసుకునే ఉద్యోగం చేస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం ఆమె హాల్లోకి వచ్చేసరికి, మామగారు దుకాణం కట్టేసి వచ్చి, ముఖం కడుక్కుని, కుర్చీలో బుద్ధిగా కూర్చుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని గొంతు సవరించుకుంటున్నారు.

"ఏనుగు పిల్లకి స్వెటరు ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగారు ఫోనుని. కాసేపాగి, "బట్టతలకి వేసే రంగు కావాలి" అన్నారు. ఇంకాస్త ఆలోచించి, "పడవ ఇంజను, పాతదైనా ఫర్వాలేదు" అన్నారు.

కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది. మామగారికి తలనిండా జుట్టు. చుట్టుపక్కల నీళ్లంటే కుళాయిలో వచ్చేవే.

"మామయ్యగారూ, పడవ కొంటున్నారా?"

"లేదమ్మా, అబద్ధాలు చెప్తున్నాను" అన్నారాయన, టీ తాగుతున్నాను అన్నంత మామూలుగా.

"ఎవరికి?"

"కంపెనీకి. నువ్వూ కూర్చో. నీకేమైనా తోస్తే చెప్పు, నాకు ఈ మధ్య కొత్తవి తట్టట్లేదు."

ఈ యుద్ధానికి కారణం గుండీలు. మాస్టారు ఒకసారి కోటు గుండీల కోసం ఫోన్లో వెతికారు. మర్నాటినుంచి గుండీలు ఆయన వెంటపడ్డాయి. వార్తలు చదువుతుంటే గుండీలు, పాటలు వింటుంటే గుండీలు. ఆయన గుండీలు కొనేశాక కూడా అవి వదల్లేదు. "బజార్లో ఒకాయన్ని గుండీ ధర అడిగాననుకో" అని ఆయన కోడలికి వివరించారు. "ఆయన కొట్టు మూసేసి నా వెనకే ఇంటికొచ్చి, నేను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని, నేను పడుకుంటే మంచం కింద దూరి, గుండీలు కావాలా గుండీలు కావాలా అని అడిగితే ఊరుకుంటామా? ఫోను చేస్తే మాత్రం ఎందుకు ఊరుకోవాలి?"

ఫోను ఆపేసి ఊరుకోవచ్చుగా అని కొడుకు సలహా ఇచ్చాడు. మాస్టారికి అది నచ్చలేదు. పారిపోవడం వేరు, పోరాడటం వేరు అన్నది ఆయన పట్టుదల. "వాళ్లకి నా గురించి తెలుసుకోవాలని ఉంది. తెలుసుకోనీ. ఎంత కావాలంటే అంత చెప్తాను" అన్నారు. అప్పటినుంచి సాయంత్రం అబద్ధాలు తప్పలేదు. జ్వరం వచ్చినా దుప్పటి కప్పుకుని రెండు అబద్ధాలు చెప్పి పడుకునేవారు.

పుట్టినరోజు ఏ కంపెనీ అడిగినా ఆయన నోటికొచ్చిన తారీకు చెప్పేవారు. అందువల్ల ఏడాది పొడుగునా ఆయనకు శుభాకాంక్షలే. ఫోనెక్కడికి వెళ్తోందో కంపెనీ చూస్తుందని ఎవరో చెబితే, దాన్ని పొద్దున్నే పోస్టుమ్యాన్ సంచిలో వేసి పంపేవారు. అది ఊరంతా తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరేది. ఒకరోజు అది వచ్చీరాగానే, "మీరు ఈరోజు వెళ్లిన పశువుల ఆసుపత్రి ఎలా ఉంది? ఎన్ని నక్షత్రాలిస్తారు?" అని అడిగింది.

"ఐదిచ్చేయండి మామయ్యగారూ" అంది కోడలు నవ్వుతూ.

"తప్పమ్మా. అక్కడ డాక్టరున్నాడు. ఆయన మనిషి. మనిషి గురించి చూడంది రాయకూడదు" అని ఆయన ఆ ప్రశ్నని పక్కన పెట్టేశారు.

ఈ మనుషుల విషయంలో మాత్రం ఆయన నిజం భరించడం కష్టం. కొత్త చొక్కా వేసుకుని అద్దంలో మురిసిపోతున్నవాడితో "ఈ రంగు మీకు నప్పలేదండీ, గుడ్డ తెచ్చిన రోజే చెప్పాను" అనేవారు. కూరలో ఉప్పెక్కువైతే ఉప్పెక్కువైంది అనేవారు, ఎదురుగా చుట్టాలున్నా సరే. ఒకసారి పక్కింటి బ్యాంకాయన నిచ్చెన కోసం వస్తే, లోపల్నుంచి అత్తగారు నిచ్చెన లేదని చెప్పమని సైగ చేశారు. మాస్టారు బ్యాంకాయనతో, "ఉంది. లేదని చెప్పమంది" అన్నారు.

ఆ బ్యాంకాయనకు ఈ ఫోను గొడవంతా చాదస్తంగా కనిపించేది. "నా దగ్గర దాచుకోడానికి ఏముంది మాస్టారూ? కావాలంటే అంతా చూసుకోమనండి" అన్నాడొకసారి, దుకాణంలో కొలతలిస్తూ. మాస్టారు టేపు తీసి ఆయన నడుం చుట్టూ తిప్పి, సుద్దముక్క పట్టుకుని బయట బోర్డు దగ్గరికి నడిచారు.

"ఏం రాస్తున్నారు?"

"మీ పేరు, మీ నడుం."

"అదెందుకండీ అందరికీ?"

"దాచుకోడానికి ఏమీ లేదన్నారుగా" అని మాస్టారు సుద్దముక్క జేబులో వేసుకున్నారు. "ఒకరి కొలత ఇంకొకరికి చెప్పిన దర్జీ దర్జీ కాదు. ఇన్నేళ్లలో నేను ఎవరి నడుమూ బయటపెట్టలేదు. ఆ ఫోనువాళ్లు చేస్తున్నది అదే పని, సుద్దముక్క లేకుండా."

బ్యాంకాయన మారలేదు గాని, ఆ తర్వాత కొలతలిచ్చేటప్పుడు తలుపు దగ్గరికి వేయించుకునేవాడు.

ఆయన పోరాటం వల్ల కంపెనీలకేం నష్టం జరిగిందో తెలియదు గాని, ఇంట్లోవాళ్లకి మాత్రం జరిగింది. అందరి ఫోన్లకీ, హాల్లో టీవీకీ కలిపి ఒకటే ఇంటర్నెట్టు. ఒకరు వెతికిన దాని ప్రకటనలు ఇంకొకరి ముందు ప్రత్యక్షమయ్యేవి. అత్తగారి సీరియల్లో కథానాయిక కళ్లు తుడుచుకునేలోపు పడవ ఇంజను వచ్చేది. "ఆ పిల్ల ఏడుపు కూడా చూడనివ్వరు కదా మీరు" అని అత్తగారు విసుక్కునేవారు. కోడలికి మాత్రం ఇదంతా మహా సరదాగా ఉండేది, తన ప్రకటన టీవీలో వచ్చేదాకా.

కొంతకాలంగా కోడలికి ఎడమ చెవి సరిగ్గా వినపడటం లేదు. ఆఫీసులో హెడ్‌సెట్ మెల్లగా కుడి చెవికి మార్చుకుంది. ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఇంకా కొన్ని పరీక్షలున్నాయన్నారు, మెషీను పెట్టుకుంటే సరిపోవచ్చన్నారు. ఆ మెషీన్ల గురించి ఆమె ఫోన్లో వెతికింది. ఆఫీసులో ఉద్యోగాల కాంట్రాక్టు కొత్తగా రాసే సమయం దగ్గరపడింది. పరీక్షలు పూర్తయి, డాక్టరు ఈ పని చేసుకోవచ్చని చెప్పాక తనే వెళ్లి సూపర్‌వైజరుతో మాట్లాడాలని ఆమె నిర్ణయించుకుంది. ఈలోపు మాట బయటికి పొక్కితే, చెవి వినపడని మనిషికి ఫోను దగ్గర ఏం పని అంటారని భయం.

ఇంట్లో చెప్పకపోవడానికీ కారణముంది. మొగుడు ఎవరైనా తుమ్మితే అంబులెన్సు నంబరు వెతికే రకం. అత్తగారిది మంచి మనసే గాని, అందులో ఏ మాటా నిలవదు. పైగా సూపర్‌వైజరమ్మది అదే వీధి. ఆవిడా అత్తగారూ రోజూ కలిసే కూరగాయలకి వెళ్తారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ టీవీ ముందు కూర్చున్నారు. బ్యాంకాయన కూడా ఉన్నాడు. సీరియల్ మధ్యలో చెవి మెషీను ప్రకటన వచ్చింది. తర్వాత ఇంకో కంపెనీ చెవి మెషీను. ఆ తర్వాత, "మీ ఇంట్లో ఎవరికైనా వినికిడి తగ్గిందా? ఈరోజే పరీక్ష చేయించండి" అని తెల్లకోటు వేసుకున్నాయన వేలు చూపించి మరీ అడిగాడు.

"అదేంటి, ఊరికే వస్తున్నాయి?" అన్నారు అత్తగారు. "మనింట్లో ఎవరికి చెవుడు?"

"ఎవరో వెతికే ఉంటారమ్మా, లేకపోతే రావు" అన్నాడు బ్యాంకాయన.

అత్తగారు వరసగా ఒక్కొక్కరి ముఖమే చూడటం మొదలుపెట్టారు. కొడుకు అయ్యాడు. ఇక కోడలి వంతు. కోడలి చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆవిడ అడిగితే ఏం చెప్పాలో ఆమె ఆలోచించుకోలేదు.

"ఆఁ? ఏమన్నావు?" అన్నారు మాస్టారు, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఎవరికి చెవుడు అంటున్నాను."

"కొంచెం గట్టిగా చెప్పు. నాకు ఈ మధ్య సరిగ్గా వినపడట్లేదు."

గదిలో ఎవరూ అనుమానించలేదు. పడవ ఇంజన్ల మనిషే గాని, ఆ మాట ఆయన ఫోనుతో కాదు, ఎదురుగా ఉన్న మనుషులతో అన్నారు. మనుషులతో ఆయన అబద్ధం చెప్పరు. "అయ్యో, ఎప్పటినుంచండీ?" అని అత్తగారు కంగారుపడ్డారు. కొడుకు అప్పటికే అంబులెన్సు నంబరు వెతుకుతున్నాడు. కోడలు గ్లాసు కింద పెట్టింది. పాపం మామయ్యగారికి కూడానా, ఒకే ఇంట్లో ఇద్దరమా అని ఆమెకు బాధేసింది. తను బయటపడలేదన్న ఊరట ఆ బాధ కన్నా ముందొచ్చినందుకు సిగ్గు కూడా వేసింది.

సాయంత్రానికి మాస్టారి చెవుడు వీధంతా పాకింది. మర్నాటినుంచి జనం దుకాణంలోకి రాగానే కేకలు మొదలుపెట్టేవారు. "చేతులు పొడుగు పెట్టండీ" అని ఒకాయన అరిస్తే పక్క దుకాణాయన పరిగెత్తుకొచ్చాడు. మాస్టారు అందరికీ "ఆఁ?" అనేవారు. కొడుకు డాక్టరు దగ్గరికి బలవంతంగా లాగినా కదిలేవారు కాదు. "నా చెవులు నా దగ్గరే ఉన్నాయి, డాక్టరుకెందుకు?" అనేవారు.

అన్నిటికన్నా చిత్రం అత్తగారి వ్యవహారం. ఎదురుగా మొగుడున్నాడు, వినపడదు. కాపురానికొచ్చినప్పటినుంచి మింగిన మాటలన్నీ ఆవిడ వంట చేస్తూ హాయిగా బయటికి వదలసాగారు. "ఉప్పెక్కువట ఉప్పు. మీ అమ్మ వండింది ఎలా ఉండేదో నాకు తెలియదా? చుట్టాల ముందు పరువు తీసిన పెద్దమనిషి" అని గరిటెతో మాట్లాడుతుంటే, మాస్టారు అన్నం కలుపుకుంటూ ప్రశాంతంగా "ఆఁ?" అనేవారు. "ఏం లేదండీ, పెరుగు వెయ్యనా అంటున్నాను" అని ఆవిడ కేకవేసేవారు.

ఇలా చాలా రోజులే నడిచింది. ఒకనాటి పొద్దున కోడలు ఆఫీసు యూనిఫాం కోటు పట్టుకుని మామగారి కుట్టుమిషను దగ్గరికి వచ్చింది. ఎడమ భుజం జారుతోంది. ఆయన కోటు తిరగేసి చూస్తుండగా ఒళ్లో ఉన్న సూది గచ్చు మీద పడింది. కోడలికి ఆ చప్పుడే తెలియలేదు. మాస్టారు మాత్రం తల తిప్పకుండా వంగి, సూది పడిన చోటే చెయ్యి పెట్టి తీసుకున్నారు.

కోడలు ఆ చేతిని చూసింది. తర్వాత ఆయన ముఖం చూసింది.

"మామయ్యగారూ, మీకు వినపడుతోంది."

"మెల్లగా అమ్మా. మీ అత్తయ్య వింటుంది."

ఆమె పక్కనున్న బల్ల మీద కూర్చుండిపోయింది. "మీరు అబద్ధం చెప్పారు. మనుషులకి."

"మనుషులకెక్కడ చెప్పాను? టీవీవాడు అడిగాడు, టీవీకి చెప్పాను. మీ అత్తయ్య మధ్యలో కూర్చుంది."

"అత్తయ్యగారి వైపు తిరిగి చెప్పారు."

దొరికిపోయిన మాస్టారు కాసేపు సూదిలో దారం ఎక్కించే పని పెట్టుకున్నారు. "సరే, ఒకటి చెప్పాను" అన్నారు చివరికి. "ఇన్నేళ్లు అందరికీ నిజాలే చెప్పి విసిగించాను. అంత నమ్మకం సంపాదించి, ఇంటి పిల్ల కోసం ఒక్కసారి వాడుకోకపోతే అదెందుకు?"

"నాకని మీకెలా తెలుసు?"

"ఈ కోటు చెప్పింది. నువ్వు కుడి చెవి ముందుకు పెట్టి వింటున్నావు. కుడి భుజం లేస్తోంది, ఎడమది జారుతోంది. లోపల్నుంచి ఒకసారి సరిచేశాను, మళ్లీ జారింది." ఆయన టేపు సర్దుకున్నారు. "నీ కొలత నీది. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం. నువ్వు చెప్పేదాకా నాకు చెవుడే."

కోడలికి ఏడుపొచ్చింది, దానికన్నా నవ్వెక్కువ వచ్చింది. "ఆ అరుపులన్నీ, అత్తయ్యగారి మాటలన్నీ, ఎలా భరించారు?"

"నిజం చెప్పనా? వంట గురించి ఆవిడన్నవాటిలో చాలావరకు సబబే" అన్నారు మాస్టారు.

మామగారి అండ ఆమెకు ధైర్యమిచ్చింది. ఆ వారమే పరీక్షలు పూర్తిచేయించుకుంది. చెవికి చిన్న మెషీను పెట్టించుకుని, డాక్టరు కాగితం తీసుకుని, తనే సూపర్‌వైజరమ్మ ముందు కూర్చుని అంతా చెప్పింది. ఆవిడ విని, "ముందే చెప్తే మెషీనుతో పనిచేసే హెడ్‌సెట్ తెప్పించేదాన్ని కదా" అంది. కొత్త కాంట్రాక్టులో కోడలి పేరు ఉంది. అదే సాయంత్రం ఆమె హాల్లో అందరినీ కూర్చోబెట్టి, జుట్టు పక్కకు తీసి చెవి చూపించింది.

మొగుడు అంబులెన్సు నంబరు మరిచిపోయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అత్తగారు కళ్లు తుడుచుకుని, చెవి మెషీనుని అటూఇటూ చూసి, "బాగుందే. మీ మామయ్యకి కూడా ఇలాంటిదే పెట్టిద్దాం" అన్నారు.

"నాకెందుకు? నాకెప్పుడూ బాగానే వినపడుతుంది" అన్నారు మాస్టారు. మళ్లీ మనుషులతో నిజాలు మొదలుపెట్టేశారు.

అత్తగారి చేతిలో కొంగు ఆగిపోయింది. "అంటే, ఇన్నాళ్లూ నేనన్నవన్నీ?"

"అన్నీ."

"మీ అమ్మ వంట సంగతి కూడానా?"

"అది రెండుసార్లు" అన్నారు మాస్టారు.

అత్తగారు వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆ పూట కూరలో ఉప్పు సరిగ్గా సరిపోయింది. సరిపోయిందని మాస్టారు చెప్పారు కూడా.

కొన్నాళ్లకి ఆయన కోడలి కోటు మళ్లీ అడిగి తీసుకున్నారు. ఎడమ భుజం లోపల వేసిన కుట్లు ఒక్కొక్కటే విప్పుతూ, "రెండు భుజాలూ సమానమయ్యాయి. ఇక ఇది అక్కర్లేదు" అన్నారు. విప్పడమయ్యాక ముఖం కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చుని, ఫోను తీసి గొంతు సవరించుకున్నారు. కోడలు ఇంకో కుర్చీ లాక్కుని ఎడమ చెవి ఆయన వైపు ఉండేలా పక్కన కూర్చుంది. మాస్టారు ఎంత ఆలోచించినా ఆరోజు కొత్త అబద్ధం తట్టలేదు. కోడలే ఫోను దగ్గరికి వంగింది.

"మూడు చేతుల కోటు కుట్టే దర్జీ కావాలి" అంది. "నమ్మకస్తుడై ఉండాలి."

మాస్టారు గబుక్కున ఫోను మీద చెయ్యి మూశారు. "జాగ్రత్తమ్మా. ఆ రెండో ముక్క నిజం" అన్నారు.