ఉప్పునీళ్ళు తాగిన ఇంజను

మా కారు ఇంజను పట్టేసిందని తెలిసినప్పుడు నాకు బాధ కలగలేదు, ఊరట కలిగింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. మా ఆయన మెకానిక్ షెడ్డులో నిలబడి, పోయినవాళ్ళింట్లో మాట్లాడినట్టు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. నేను పక్కనే ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని లోపల్లోపల హమ్మయ్య అనుకున్నాను.

మాకు పాలకొల్లులో చీరల కొట్టు ఉంది. ఉప్పాడ చీరలు మధ్యవాళ్ళ దగ్గర కొనం. మేమే వెళ్ళి, మగ్గాల దగ్గర కూర్చుని, ఎంచుకుని తెచ్చుకుంటాం. రంగులు చూడడం నా పని, బేరం ఆయన పని, కారు నడపడమూ ఆయన పనే. నాకు డ్రైవింగు రాదు. నేర్చుకోమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

కొన్నేళ్ళ క్రితం కాకినాడలో కళ్ళ డాక్టరు గారు ఆయన్ని చూసి, షుగరు వల్ల కంటి వెనక నరం దెబ్బతిందన్నారు. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోండి అన్నారు. అప్పుడు గదిలో మేమిద్దరమే ఉన్నాం. బయటికొచ్చాక ఆయన కారు దగ్గర కాసేపు నిలబడ్డారు. నేను తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాను. ఆయనా ఎక్కారు. ఊరు దాటాక ఎదురుగా వస్తున్న లారీ ఆయనకి కనపడలేదేమోనని అనుమానం వచ్చి, "లారీ అండి" అన్నాను. అలా మొదలైంది.

ఆ తరవాత ప్రతి ప్రయాణమూ అంతే. "ఎడమన గేదెలు." "ముందు ధాన్యం ఆరబోశారు, కొంచెం కుడికి రండి." "స్పీడ్ బ్రేకరు." ఆయన ఊ కొట్టేవారు. చెప్పమని ఆయన అడిగింది లేదు, ఎందుకు చెబుతున్నానో నేను అన్నదీ లేదు. చూసేవాళ్ళకి మాత్రం నేను మొగుణ్ణి కుదురుగా బండి నడపనివ్వని నస మనిషిని. మా మరిది ఒకసారి వెనక సీట్లో కూర్చుని, "అన్నయ్యకో స్టీరింగు, మీకో స్టీరింగు పెట్టించాల్సింది వదినా" అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఏం చెయ్యను మరి?

డ్రైవర్ని పెట్టుకుందామని ఒకసారి అని చూశాను. "ఇద్దరం వెళ్ళేదానికి మధ్యలో వాడెందుకు?" అన్నారాయన. పౌరుషం అనుకుని ఊరుకున్నాను.

అన్నిటికంటే నాకు భయం ఉప్పాడ బీచ్ రోడ్డు. సముద్రం ఆ రోడ్డుని ఏటా కొంత కోసేస్తుంది. నిరుడు ఉన్న అంచు ఈ ఏడు ఉండదు. ఒకసారి అలలు రోడ్డు మీదికి కొట్టి ఇసుకా రాళ్ళూ పరిచేసిన చోట ఆయన నేరుగా అంచు వైపు పోనిచ్చారు. "ఎడమకి, ఎడమకి!" అని గొంతు చించుకుని అరిచాను. తిప్పేశారు. కొంతదూరం పోయాక కారు ఆపి, "ఏంటా అరుపు" అన్నారు కానీ గొంతులో కోపం లేదు. ఆ రోజు నేతవాళ్ళ ఇంట్లో ఒకదాని మీద ఒకటి చీరలు పరుస్తుంటే నాకు రంగులేవీ కంటికి ఎక్కలేదు. ఇంటికొచ్చి పడుకుంటే రోడ్డు మీద చూపు నిలిపి నిలిపి మెడ పట్టేసింది.

కారు మానెయ్యండి అని ఆయనతో చెప్పొచ్చుగా అంటారు. ఆ మాట చెప్పడమంటే మీకు కళ్ళు పోయాయని నా నోటితో చెప్పడమే. దానికి నాకు నోరు రాలేదు.

ఇక ఇంజను సంగతి. మా వైపు వాళ్ళకి కాలవ నీళ్ళంటే ఒక అతిశయం. గోదారి నీళ్ళు ఇంటి ముందుకు వస్తుంటే సీసాలో నీళ్ళు కొనేవాడు వెర్రివాడని మా ఆయన నమ్మకం. మెకానిక్ కూలెంట్ పొయ్యమంటే, "ఆ రంగునీళ్ళెందుకయ్యా, కాలవ ఉండగా" అని నవ్వేవారు. పొద్దున్నే చెంబుతో కాలవ నీళ్ళు తెచ్చి, గుడ్డలో వడగట్టి మరీ రేడియేటర్లో పోసేవారు. తులసికోటకి పోసేటప్పుడు కూడా అంత శ్రద్ధ ఉండదు. కానీ ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. అప్పుడు మా బోరు నీళ్ళే గతి. చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాక మా బోరు ఉప్పెక్కింది. టీ పెడితే పాలు విరిగిపోతాయి. మనుషులు తాగలేని ఆ నీళ్ళు ఏటా వేసవంతా కారు తాగింది. నేనూ చూస్తూ ఊరుకున్నాను, బానెట్ కింద సంగతి నాకేం తెలుసు గనక.

మొన్న వైశాఖంలో పెళ్ళిళ్ళ సరుకు కోసం బయల్దేరాం. అమలాపురం దాటాక కారు లాగడం లేదన్నారు ఆయన. ఏదో కాలిన వాసన వచ్చింది. పొలాల్లో చెత్త తగలబెడుతున్నారనుకున్నాను. ఇంకాస్త దూరం పోయాక ఇంజను ఒక్కసారి కీచుమని, రోడ్డు మధ్యలో ఆగిపోయింది. తాళం తిప్పితే టక్ మంది, అంతే. ట్రాక్టరుకి కట్టి ఆ సాయంత్రానికి మా ఊరి షెడ్డుకి చేర్చాం.

మెకానిక్ ఇంజను దింపి మమ్మల్ని పిలిచాడు. రేడియేటర్ గొట్టాల్లో తెల్లగా ఉప్పు గడ్డకట్టి ఉంది. పిస్టన్ల పక్కలు గీరుకుపోయి ఉన్నాయి.

"ఏడెక్కిపోయి పట్టేసిందండి. మీటరు ముల్లు ఎర్రగీత దాటేసుంటదిగా, చూసుకోలేదేంటండీ?" అన్నాడు.

ఆయన ఒక పిస్టన్ని చేతిలోకి తీసుకున్నారు. "నేను రోడ్డు చూస్తున్నానండి" అనేశాను నేను.

"మీరు రోడ్డు చూడ్డమేంటండీ అమ్మగారూ?" అన్నాడు మెకానిక్ అయోమయంగా.

"అదే, ఎండ కదా, మీటరు మెరిసిపోయి కనపడలేదు" అని సర్దేశాను. ఆయన తల వంచుకుని పిస్టన్ని చేత్తో తడుముతున్నారు. గీతలు ఆయన వేళ్ళకి తెలుస్తున్నాయి.

రెండు దారులున్నాయన్నాడు మెకానిక్. ఉన్న ఇంజనుకే బోరు చేయించి, అంటే సిలిండర్ల గీతలు పోయేలా లోపల కోయించి, కొత్త పిస్టన్లు వేయడం ఒకటి. కానీ ఇంజను పైమూత, హెడ్డు, వంగిపోయి ఉంది, మళ్ళీ ఇబ్బంది పెట్టదని మాటివ్వలేడు. రాజమండ్రిలో విప్పేసిన కార్ల ఇంజన్లు దొరుకుతాయి, మంచిది చూసి తెచ్చి బిగించడం రెండోది. దానికి ఆర్.సి.లో నంబరు మార్పించుకోవాలి.

నాలుగు రోజులు మా కొట్టు పంచాయితీ అరుగైపోయింది. మా మరిది తుని నుంచి ఫోను చేసి వేరే ఇంజను వేయించెయ్యమన్నాడు. పక్క కొట్టు కిరాణా ఆయన, "ఏక్సిడెంట్ బండిదేమోనండి, ఎవరి ప్రాణం పోయిందో ఏంటో, మనకెందుకండి" అన్నాడు. మా ఆయన బోరు చేయించడానికే మొగ్గారు. ఆ ఇంజను ఎంత మంచిదో, ఒక్కనాడూ మొరాయించలేదనీ వచ్చినవాళ్ళందరికీ చెప్పారు. చచ్చిన గేదెకి పాలెక్కువ. అందరూ నన్ను అడిగారు, మీరేమంటారని. బోరు చేయించినా, మార్చినా, పక్క సీటు నాదే. ఆ అంచు రోడ్డు నాదే. చీరలు మడతపెడుతూ "మీ ఇష్టం" అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి కూడా ఓపిక లేకపోయింది.

బోరు చేసే లేత్ వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలని మెకానిక్ కబురు చేస్తే మళ్ళీ షెడ్డుకి వెళ్ళాం. ఇంజను గోనెపట్టా మీద ముక్కలుగా పరిచి ఉంది.

"ఏం చేద్దామండీ?" అన్నాడు మెకానిక్.

ఆయన నా వైపు తిరిగి, "ఏది చేయించమంటావు? నువ్వు చెప్పు" అన్నారు.

"రెండూ వద్దండి" అన్నాను.

మెకానిక్ మా ఇద్దరినీ చూసి, ఫోను చెవిన పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. అది మోగిందో లేదో నాకు తెలీదు.

"మీకు కనపడట్లేదు. నేను చెప్పి చెప్పి అలిసిపోయాను. ఇంక నా వల్ల కాదండి" అన్నాను. అన్నాక స్టూలు మీద కూలబడ్డాను.

ఆయన వచ్చి నా స్టూలు పక్కన నిలబడ్డారు. తరవాత, "డాక్టరు దగ్గర్నించి వచ్చిన రోజే మానేద్దామనుకున్నాను" అన్నారు. "తాళం నీకిచ్చేసి, బస్సులో పోదాం అందామనుకున్నా. ఈలోపు నువ్వెళ్ళి ఎక్కి కూచున్నావు. దారంతా కబుర్లు చెప్పావు. కొట్లో పొద్దుటినించి రాత్రి దాకా జనమే, నాతో మాటాడే తీరికే ఉండదు నీకు. దీనికున్న సరదా ఇదొక్కటే, ఇదీ తీసేస్తే ఎలా అనుకున్నాను. ఇంటికొచ్చాక ప్రతిసారీ ఎక్కడన్నా తగిలిందేమోనని కారు చుట్టూ చేత్తో తడిమి చూసుకునేవాణ్ణి, నీకు తెలుసా?"

లారీ అండి, గేదెలండి అని నేను ప్రాణం అరచేతిలో పెట్టుకుని చెప్పినవి ఆయనకి కబుర్లుగా వినిపించాయట. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన మీదో, నా మీదో తెలీదు. ఒక్క మాట అడిగి ఉంటే పోయేది. ఇద్దరం ఒకరి కోసం ఒకరం అన్నేళ్ళు భయపడుతూ ఆ రోడ్డు మీద తిరిగాం. "మీకేమైనా మతి ఉందా" అన్నాను. "లేదు" అన్నారు.

మెకానిక్ లోపలికొచ్చాడు. "ఉన్నదున్నట్టు ఎవరికైనా ఇచ్చెయ్యి బాబూ" అన్నారు ఆయన. మెకానిక్ "ఆయ్" అని తలూపి, గోనెపట్టా అంచులు మడిచాడు.

బయట ఎండ మండిపోతోంది. ఆటోలు రోడ్డుకి అవతలి వైపు ఉంటాయి. ఎప్పటిలా ఆయన ముందు నడుస్తారని ఆగాను. ఆయన గట్టు మీదే నిలబడి, చెయ్యి నా వైపు చాపి, "నాకు కనపడట్లేదే, దాటించు" అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. చెయ్యి పట్టుకున్నాను. రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం.