చాయ్ గ్లాసు మూతిలో మూడు గుండ్లు

ఈ ఉదయం మీనా సల్మాన్ రేవులో మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, గోదాములో పాత సామాన్ సర్దుతుంటే, తుపాకీ మందు తూచే బుల్లి త్రాసు ఒకటి చేతికి తగిలింది. ఇక వినండి: ఆఫ్రికా అడవులు, రంకెలు వేసే అడవిదున్న, తన తూటాలు తానే నింపుకున్న వీరుడు, ప్రాణాలకు తెగించిన అతని అనుచరుడు! నిజానికి దున్నను నేను చూడలేదు, ఆఫ్రికా మొహమూ ఎరగను. బహ్రెయిన్ షూటింగ్ రేంజిలో గురి అట్టలు మోసిన డ్రైవరును. ముప్పై మూడేళ్లకే జ్ఞాపకాలేమిటంటారా, గల్ఫ్ ఎండలో ఎండినవాళ్లకు వయసు లెక్క వేరు, మీకు తెలియంది కాదు.

మా కఫీల్‌కు లైసెన్సు ఉంది, రైఫిల్ ఉంది, లేనిదల్లా పని. దుకాణంలో దొరికే తూటాలు పిల్లకాయలకట; అసలైన వేటగాడు చేత్తో నింపుకోవాలట. అద్లియాలోని తన విల్లాలో ఆయన మందు తూస్తున్నంతసేపూ నేను తుమ్మకూడదు, లోపల ఆపరేషన్ జరుగుతున్నట్టు తలుపు దగ్గర నిలబడాలి. మూడు గుండ్లు చాయ్ గ్లాసు మూతి పట్టేంత చోట పడితేనే ఆఫ్రికాకు దున్న వేటకు వెళ్తానని ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన విమానం ఎక్కిన రోజే నా సెలవు మొదలు. ఊళ్లో నాకు కూతురు పుట్టి అప్పటికి ఏడు నెలలైంది, ఫోన్‌లో తప్ప చూడలేదు. కాబట్టి ఆ దున్న చావు ఆయనకంటే నాకే ఎక్కువ అవసరం.

అంత భక్తిగా తూచిన తూటాలను ప్రతి శుక్రవారం కారు డాష్‌బోర్డు మీద ఎండలో పెట్టించేవాడు, దారిలో స్నేహితులకు చూపించాలి కదా. రేంజిలో ఒక గుండు అట్టకు, ఒకటి ఇసుకకు, ఒకటి ఎక్కడికో. తప్పు గాలిదట, కళ్లద్దాలదట, ఒకసారైతే నేను గట్టిగా ఊపిరి పీల్చానట. పాపకు పళ్లొచ్చాయి, నాకు మరో శుక్రవారం వచ్చింది. రూముకొస్తే, వెల్డింగ్ పని చేసే మా బావ మంచం మీంచి లేవకుండానే పలకరించేవాడు.

"ఏం బామ్మర్దీ, మీ సేఠ్ ఇయ్యాలన్న అట్టను సంపిండా? గా దున్న ముసల్దై సస్తది గని నువ్వు ఇంటికి పోవు."

చివరికి రేంజి చూసుకునే మాజీ సిపాయి ఒకరోజు తూటాల డబ్బా ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "అరే భాయ్, ఇవి తూటాలా, తందూర్ రొట్టెలా? మందు ఇంత వేడెక్కితే గుండు చెప్పినచోటికి పోతుందా?" కఫీల్ గంభీరంగా తలాడించి, తానూ అదే అనుకుంటున్నానన్నాడు. మరుసటి శుక్రవారం తూటాలు ప్లాస్టిక్ కవరు చుట్టుకుని, మజ్జిగ సీసాల పక్కన ఐసుపెట్టెలో దర్జాగా ప్రయాణించాయి. మూడు గుండ్లూ గ్లాసు మూతిలోనే. "ఖలాస్!" అని కేకేసి, ఈ పరిశోధన తనదేనని కనపడిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. నేను ఇల్లు చేరేసరికి నా కూతురు నడుస్తోంది. నన్ను చూసి వాళ్లమ్మ వెనకాలకు నడిచింది.

ఇప్పుడాయన వేట మానేసి గుర్రాల మీద పడ్డాడు. తూటాల గదిలో జీనులు వేలాడుతున్నాయి. బావ ఊరికి వెళ్లిపోయాడు. ఆయన మంచం మీద ఎవరో కుర్రాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పడుకుంటాడు. ఎవరి సెలవు ఎందుకు ఆగిందో అడిగేవాళ్లే లేరు. అడిగితే చెప్పేవాణ్ణి: కఫీల్‌ను వేటకు సాగనంపడానికి ఎయిర్‌పోర్టుకు వెళ్తే, కౌంటర్లో మలయాళీ ఆ తూటాల డబ్బా తెరిచి చూసి పక్కన పెట్టాడు. చేత్తో నింపిన తూటాలు ఆ విమానంలోకి ఎక్కించరు. కంపెనీ సీలున్న దుకాణం పెట్టె ఉండాలట; ఆ డబ్బా అక్కడే వదిలి కఫీల్ విమానం ఎక్కాడు.