గువ్వలచెరువు కనుమలో నాయన నడక

మొన్న రాయచోటిలో ఒక పెళ్ళి చూసుకొని బస్సులో కడపకు తిరిగి వస్తూంటే, గువ్వలచెరువు కనుమ సగం దిగామో లేదో, కాలిన బ్రేకు లైనింగు వాసన గుప్పుమంది. పక్క సీటులో ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొంది, వెనక ఎవరో కిటికీ మూయమని కేకేశారు, కండక్టరు మాత్రం కునుకు మానలేదు. నాకేమో కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి. ముసలివాడు బస్సులో ఏడిస్తే చూసేవాళ్ళకు ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో తెలుసు కనుక, కంట్లో దుమ్ము పడిందని అబద్ధమాడి తుడుచుకొన్నాను.

నిజానికి ఆ వాసన నాకు అన్నం పెట్టిన వాసన. కర్నూలు రాజధాని అయిన కొత్తలో, నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, కడపలో ఒక ఉస్తాదు షెడ్డులో బ్రేకుల పని చేసేవాణ్ణి. ఉస్తాదు చెయ్యి దురుసు, మనసు వెన్న. పని చెడగొడితే నెత్తిన ఒకటి మొట్టేవాడు, పొద్దుగూకితే తన ఇంటి నుంచి వచ్చిన రొట్టెలో సగం తుంచి పెట్టేవాడు. ఇప్పటి మెకానిక్కులు డబ్బా విప్పి కొత్త బ్రేకు షూ తగిలించి అదే పెద్ద పనైనట్టు చేతులు దులుపుకొంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా కాలంలో లైనింగును కొలిచి కోసి, చిల్లులు పొడిచి, రాగి రివిట్లు కొట్టి, రివిట్టు తల చక్రంతోపాటు తిరిగే డ్రమ్ముకు తగలకుండా లోపలికి దిగిందో లేదో వేలితో తడిమి చూసేవాళ్ళం. సరే, ముసలివాళ్ళకు తమ కాలమే గొప్ప, ఆ గొడవ వదిలేద్దాం.

మా మేనమామ లారీ డ్రైవరు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వదిలించుకొన్న పాత లారీ ఒకటి నడిపేవాడు. రాయచోటి వైపు పల్లెల నుంచి శనక్కాయ మూటలు కడప నూనెమిల్లులకు తోలడం పని. క్యాబిను కంటే ఎత్తుగా మూటలు పేర్చి, మోకులు బిగించి బయలుదేరితే ఆ లారీ చూలాలిలా ఊగుతూ వచ్చేది. అంత బరువుతో కనుమ దిగాలంటే ఆ అరిగిపోయిన బ్రేకుల మీద ఎవరికీ నమ్మకం ఉండేది కాదు. అందుకని తుమ్మమొద్దుతో చెక్కిన దిమ్మెకు తాడు కట్టి, అది భుజాన వేసుకొని ఒక మనిషి లారీ పక్కనే నడిచేవాడు. లారీ మొదటి గేరులో మనిషి నడకతోనే దిగేది. బండి ఆగగానే దిమ్మెను వెనక చక్రం ముందు పడేసేవాడు. మా లారీకి ఆ మనిషి మా నాయన.

వానలు మొహం చాటేసి చేను బీడుపడ్డాక నాయనకు ఆ పని మామే ఇప్పించాడు. మొదట్లో బాగానే నడిచాడు గాని, మూడో ఏటికి మోకాళ్ళు రెండూ వాచిపోయాయి. మలుపు మలుపుకూ చెయ్యెత్తి రోంత ఆగమనేవాడు. మామ ఆపితే, దిమ్మె వేసి, రాతి మీద కూలబడి, మోకాళ్ళు రుద్దుకొని, ఒక బీడీ కాల్చి, అప్పుడు లేచేవాడు. ఇంటికొచ్చాక అమ్మ వేడి ఆముదం పెట్టి మర్దనా చేస్తుంటే ఆయన పళ్ళు కొరుక్కొనే చప్పుడు నాకు వినిపించేది. ఇలా అయితే వేరే మనిషిని చూసుకొంటామని లారీ యజమాని మామతో కబురంపాడు. ఆ పని పోతే నాయన మంచం పట్టేవాడే, పరువు గల మనిషి, కొడుకు సంపాదన మీద కూర్చుని తినేవాడు కాదు.

అప్పుడు నాకు తోచింది, బ్రేకులే బాగుంటే నడిచే మనిషితో పనేముంది, నాయన దర్జాగా బండెక్కి కూర్చొని మూటలు ఎత్తించే దించే పని చూసుకోవచ్చు కదా అని. ఉస్తాదు కాళ్ళావేళ్ళా పడి మద్రాసు నుంచి మంచి లైనింగు తెప్పించుకొన్నాను. గాడులు పడ్డ డ్రమ్ములు లేతు మీద నునుపు చేయించాను, చక్రాల దగ్గర బ్రేకు ఆయిలు కారే రబ్బర్లు మార్చాను, నాలుగు చక్రాలూ ఒకేలా పట్టేదాకా మూడు రోజులు లారీ కింద నుంచి లేవలేదు. ఉస్తాదు నిండు లోడుతో తోలి చూసి, నా వీపు మీద తట్టాడు. నా జన్మలో అంత గర్వపడింది లేదు.

నాయన మాత్రం ఒప్పుకోలేదు. "దిమ్మె మనిషి నడవకుండా కనుమ దిగేదా? యాడన్నా ఉండాదా అట్ల?" అని దిమ్మె భుజానికెత్తుకొన్నాడు. నేను కసిరి, ఆ దిమ్మెను లాక్కొని షెడ్డు మూల పడేశాను. నా పని మీద నీకు నమ్మకం లేదా అని కూడా అన్నాను, పాపిష్టి నోరు. ఆయన నవ్వి, చక్రం మీద కాలు పెట్టి మూటల మీదికి ఎక్కాడు.

నెల రోజులు ఏ బాధా లేదు. మునుపు సగం పూట పట్టే కనుమ ఇంతలోకే అయిపోతోందని మామ మురిసిపోయేవాడు. తర్వాత ఎండ మండిపోయే ఒకనాటి మధ్యాహ్నం, కింది మలుపుల దగ్గర బ్రేకు తొక్కితే బండి ఆగలేదట. లోయలోకి పోకుండా మామ కొండవైపు తిప్పి బండకు కొట్టాడు. మోకులు తెగి పైన మూటలన్నీ జారాయి, వాటితోపాటు నాయన. మామకు చెయ్యి విరిగింది. నేనూ ఉస్తాదూ చేరేసరికి నాయన మీద ఎవరో పంచె కప్పి ఉంచారు.

ఉస్తాదు చక్రం విప్పించాడు. నా రివిట్లు ఒక్కటి కూడా ఊడలేదు, రబ్బర్లు కారలేదు. డ్రమ్ము మాత్రం కాలి నీలంగా మారింది, అంతగా కాగితే ఎంత మంచి లైనింగైనా పట్టదు. కనుమలో ఎన్నిసార్లు ఆపినావని ఆయన మామను అడిగాడు.

"ఒక్క తావన్నా ఆపలేదప్పా. నడిచే మనిషి లేడు గదా, ఎవురికోసం ఆపాల?" అన్నాడు మామ.

ఉస్తాదు తలపట్టుకొని కూర్చున్నాడు. నాయన ఒక బీడీ కాల్చేంతసేపూ ఆ డ్రమ్ములు చల్లారేవి. లారీ ఆయన నడకతో దిగేది గనుక అవి అంతగా కాగేవీ కావు. ఆ సంగతి మామకు తెలియదు, నాయనకు తెలియదు. తెలియాల్సిన ఉస్తాదుకూ నాకూ తట్టలేదు.

కర్మకాండ అయిన మర్నాడు అమ్మతో చెప్పేశాను, నాయనను బండెక్కించింది నేనేనని. ఆమె నా తల ఒళ్ళోకి తీసుకొంది. "నీ తప్పేముండాదిరా అబ్బయా. ఆ నెల దినాలూ మీ నాయన ఒక్క పొద్దన్నా మోకాళ్ళు రుద్దమనలే. హాయిగా నిద్రపోయినాడు," అంది. తిట్టి ఉంటే ఏడ్చి మరిచిపోయేవాణ్ణేమో, ఆ మాట మాత్రం ఇన్నేళ్ళయినా మింగుడుపడలేదు.

తర్వాత నలభై ఏళ్ళు బ్రేకులు కట్టాను. కనుమలో ఆగి డ్రమ్ములు చల్లారనివ్వండని ప్రతి డ్రైవరుకూ చెబితే, పెద్దాయన చాదస్తమని నవ్వుకొనేవారు. ఇప్పుడు రోడ్డు వెడల్పయింది, గాలి బ్రేకులొచ్చాయి, ఎంత బరువున్నా లారీ కాసేపట్లో దిగిపోతోంది. దిమ్మె మోసుకొని పక్కన నడిచే మనిషి ఒకడు ఉండేవాడని చెప్పినా నమ్మేవాళ్ళు లేరు. ఆ కనుమలో ఇప్పుడు ఎవరూ నడవడం లేదు. ఆ రోజుల్లో నేను కోరుకొన్నదీ అదే.