జేబులో బెల్లం ముక్క

ఐదేళ్లుగా నన్నొక పొగడ్త బాధపెడుతోంది. తిట్టయితే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఇది పొగడ్త కాబట్టి విన్న ప్రతిసారీ ఇంకాస్త బరువెక్కుతుంది. డైరీలో కూడా రాసుకోలేదు. ఆ రోజు పేజీలో “పొద్దున వాన” అని మాత్రమే ఉంది. మీరు నాకు తెలియరు, నేను మీకు తెలియను. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది.

ఆదివారాలు నేను మా ఇల్లున్న సెంగ్‌కాంగ్ నుంచి ఈ ద్వీపం అవతలి కొసన ఉన్న ఒక చిన్న గుర్రపుశాలకి వెళ్తాను. స్వారీ నేర్పేచోట ముసలివైపోయినవి, జీను కింద పుండ్లు పడినవి, ఎవరికీ అక్కర్లేని పొట్టి గుర్రాలను, అంటే పోనీలను, ఆ శాల నడిపే మెయ్ ఆంటీ అక్కడికి తెచ్చి బాగుచేస్తుంది. బాగయ్యాక వాటికి మనుషుల్ని వెతుకుతుంది. మన ఫ్లాట్లకి పోనీని తీసుకెళ్లలేం కదా, లిఫ్టులో పట్టదు. అందుకని పోనీ అక్కడే ఉంటుంది, కుటుంబమే వస్తుంది. వారం మధ్యలో కూడా రావాలి, తోమాలి, నడిపించాలి, డాక్టర్ వచ్చినప్పుడు పక్కన నిలబడాలి. ఎప్పుడైనా కుదరకపోతే ఆంటీ మళ్లీ తనే చూసుకుంటుంది. పోనీని అరువు తీసుకున్నట్టు కాబట్టి వాళ్లని లోన్ ఫ్యామిలీ అంటారు.

ఒక పోనీకి ఒకే కుటుంబం. అది కుదిరే తీరు చూస్తే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. వచ్చినవాళ్లు పచ్చికలో కింద కూర్చోవాలి. పిలవకూడదు. ముట్టుకోకూడదు. తినేదేదీ దగ్గర ఉండకూడదు. పోనీ తనంతట తాను వచ్చి, వాసన చూసి, పక్కన నిలబడితే సరే. లేకపోతే లేదు. ఇక ఆంటీ మాటకి తిరుగుండదు.

కోపీ అని ఒక పోనీ ఉన్నాడు. ఇక్కడ కాఫీని కోపీ అంటారు, వాడిదీ ఆ రంగే, అందుకే ఆ పేరు. వచ్చిన కొత్తలో మనిషి చెయ్యి లేస్తే వణికేవాడు. మొదట తల ఆనించింది నా భుజం మీదే. నేను ఆఫీసులో పుస్తకం అడ్డం పెట్టుకుని ఒంటరిగా తినే మనిషిని. కోపీతో మాట్లాడక్కర్లేదు. ఇంటినుంచి బెల్లం ముక్క తెచ్చి ఎవరూ చూడకుండా పెట్టేదాన్ని. అక్కడ అందరూ క్యారెట్లే పెడతారు. బెల్లం మా ఇద్దరికే తెలుసు.

వాడికి లోన్ ఫ్యామిలీని నేనవ్వలేను. ఆదివారం తప్ప రాలేను. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

అప్పుడు సరోజక్క వాళ్లొచ్చారు. మలేషియాలో పుట్టిన తెలుగువాళ్లు, ఇప్పుడు ఈ ద్వీపంలోనే చోవా చూ కాంగ్‌లో ఉంటారు. ఆమె నర్సు, భర్త బస్సు నడుపుతాడు, దివ్య అని ఆరేళ్ల పాప. పోనీ కావాలని అడగకముందే కొన్ని వారాలు వచ్చి పేడ ఎత్తారు. అలాంటివాళ్లను నేను అంతకుముందు చూడలేదు. కోపీని చూపిద్దామంది ఆంటీ.

ఆ పొద్దున వంటింట్లో డబ్బా తెరిచి మామూలుకన్నా పెద్ద ముక్క తీసి జేబులో వేసుకున్నాను. అంతా అయ్యాక పెడదామనే, అనుకున్నాను. నిజంగా అందుకేనా? అయితే దారిలో దాన్ని అరచేతికి ఎందుకు రుద్దుకున్నాను?

దివ్య తడి పచ్చికలో అరచేతులు తెరిచి మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుంది. కోపీ తలెత్తాడు. నడిచాడు. పాప వైపే నడిచాడు. అది నేను చూశాను, అక్కడున్న అందరికన్నా బాగా చూశాను, ఎందుకంటే వాడి చెవులు ఎటు తిరిగితే మనసు అటు వెళ్తుందని నాకే తెలుసు. వాడి ఊపిరికి పాప జుట్టు కదిలింది. నేను కంచె బయట ఉన్నాను. జేబులోంచి చెయ్యి తీసి కంచె మీద పెట్టాను. అంతే చేశాను. కోపీ ఆగాడు. పాపని దాటుకుని నా దగ్గరికి వచ్చేశాడు.

“ఈ అమ్మాయినే కోరుకున్నాడు లా,” అంది ఆంటీ నన్ను చూపిస్తూ, ఇక్కడి యాసలో.

“మమ్మీ, ఐ స్మెల్ బ్యాడ్ ఆ?” అంది దివ్య సన్నగా.

“ఛ, అదేటి మాట! ఆడికి ఆడి మనిషి ముందే దొరికేసింది, మనమేటి సేత్తాం?” అని సరోజక్క పాపని ఎత్తుకుంది. నావైపు తిరిగి నవ్వింది. “ఏటమ్మా, మంత్రమేటన్నా ఎట్టీసినావా?”

“లేదక్కా,” అన్నాను.

వెంటనే ఆవిడ ఆంటీని అడిగింది, ఎవరూ తన కోసం పచ్చికలో కూర్చోని పోనీ ఏదైనా ఉందా అని. బార్లీ ఉంది. ఒక కన్ను కనబడదు, తన్నుతుంది. దాని కోసం ఆ ముగ్గురూ వారాల తరబడి పచ్చికలో కూర్చున్నారు. చివరికి వచ్చింది. ఇప్పుడు దివ్య ఎప్పుడూ దాని గుడ్డి కన్ను వైపే నడుస్తుంది, తను ఉన్నట్టు తెలియాలని ఏదో ఒకటి మాట్లాడుతూ. వాళ్ల నాన్న డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చి గిట్టలు శుభ్రం చేస్తాడు. తెచ్చిన క్యారెట్లలో కోపీకి ఒక వాటా ఉంటుంది. ఆ వాటా చూడటమే నాకు కష్టం.

కోపీని ఆ తర్వాత ఎవరికీ చూపించలేదు. వాడికి మనిషి ఉంది కదా! ఆ మనిషి ఆదివారం వస్తుంది. మిగతా రోజులు వాడు గేటు వైపు తిరిగి నిలబడతాడట. ఇప్పుడు వయసుకి వాడి పళ్లు అరిగిపోయాయి. కొత్తవాళ్లు వస్తే ఆంటీ నన్ను చూపించి చెబుతుంది, ఎంత బిడియమో, అయినా పోనీ ఈమెనే ఎంచుకుందని. వాళ్లు నావైపు మెచ్చుకోలుగా చూస్తారు. నేను తల దించుకుంటాను. అదీ బిడియమే అనుకుంటారు.

పోయిన ఆదివారం పచ్చికలో ఒక చిన్న పిల్ల ఏడుస్తూ కూర్చుంది, పోనీ రాలేదని. దివ్య దాని పక్కన చతికిలబడి, “ఇట్స్ ఓకే లా. కోపీకి నేను కూడా నచ్చలేదు,” అంది. మామూలుగా అంది, తన ఎత్తెంతో చెబుతున్నట్టు.

దివ్య బార్లీని తోముతుండగా దగ్గరికి వెళ్లి చెప్పేశాను. వాడు నీ దగ్గరికే వచ్చాడు, నా చేతిలో బెల్లం ఉంది, అని. బ్రష్ ఆగింది.

“మా అమ్మ అడిగినప్పుడు లేదక్కా అన్నారు కదా,” అంది.

ఆ పిల్లకి ఆ మాట గుర్తుంది.

“అన్నాను.”

దివ్య బార్లీ గుడ్డి కన్ను వైపుకి వెళ్లి, “ఇక్కడే ఉన్నా,” అని దానికి చెప్పి తోమడం మొదలుపెట్టింది. వాళ్లమ్మకి చెప్పిందో లేదో తెలియదు. నేనింకా చెప్పలేదు. తిరిగి వస్తూ రైల్లో పుస్తకం తెరవలేదు. ఒళ్లో పెట్టుకున్న నా చేతుల్ని చాలాసేపు చూసుకున్నాను. ఇంటికొచ్చి ఇది రాశాను.