గోనెసంచుల పైలట్టు బంగారురాజు

నెల్లిమర్లలో గోనెసంచులు అమ్ముకునే మా మేనల్లుడు బంగారురాజు యాభయ్యికి దగ్గర పడ్డాక విమానం నడపడం నేర్చుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు వాణ్ణి గోనెసంచుల పైలట్టు అన్నారు. నేను మాత్రం వాడు మొదటిసారి పైకి లేచినప్పుడు చీపురుపల్లి కాకులు గాల్లోనే రెక్కలు ముడుచుకుని దారి ఇచ్చాయని చెప్పాను. నలుగురు నమ్మారు కూడా.

లైసెన్సు చేతికొచ్చిన ఏడాదే వాళ్ళమ్మకు, అంటే మా బుజ్జమ్మక్కకు, కళ్ళు చెడ్డాయి. నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదనీ, మిగిలింది కూడా ఎక్కువ కాలం నిలవదనీ శ్రీకాకుళం డాక్టరు చెప్పాడు. అక్క ఏడవలేదు. తిరిగొచ్చే దారిలో కారులో అంది:

"ఒరే బంగారీ, నాగావళి సముద్రంలో కలిసిన సోట నీళ్ళు రెండు రంగులుంటాయంట. ఆ ఒడ్డునే పుట్టినాను గానీ ఎప్పుడూ తెలీలేదు. పైనుంచి ఒక్కపాలి సూపించరా. తర్వాత కళ్ళు ఎల్లిపోతే ఎల్లిపోనీ."

"సూపిస్తానమ్మా. వానలు ముదరకముందే."

ముందు తానొక్కడే ఆ దారి చూసి రావాలని ఒక ఆదివారం పొద్దున్నే ఫ్లయింగ్ క్లబ్బుకు వెళ్ళాడు. ఎగిరే ముందు విమానం చుట్టూ తిరిగి చక్రాలు, రెక్కలు, నూనె, పెట్రోలు అన్నీ చూసుకోవాలి. నిచ్చెనెక్కి, రెక్క మీది ట్యాంకు మూత తీసి పక్కన పెట్టి, పుల్ల ముంచి పెట్రోలు కొలుస్తున్నాడు. కింద నుంచి వాచ్‌మన్ గంగులు పలకరించాడు.

"ఎక్కడికి బాబూ, పొద్దున్నే?"

బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు. అడిగితే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, అప్పుడు కదలాలి. బంగారురాజు నిచ్చెన దిగాడు, కూర్చున్నాడు, నీళ్ళు తాగాడు, గంగుల్ని నాలుగు తిట్లు తిట్టాడు. లేచి, రెక్కల పని అయిపోయిందనుకుని తోక దగ్గర మొదలుపెట్టాడు. మూత రెక్క మీదే ఉండిపోయింది.

గాల్లోకి లేచాక రెక్క వెనక తెల్లటి దారంలా ఏదో సాగడం చూశాడు. పెట్రోలు! వెంటనే వెనక్కి తిప్పి ఎలాగో దించాడు. అప్పుడు వాడి చొక్కా పిండితే బిందె నిండేది.

వాడికి నేర్పిన జయకృష్ణ వాడికంటే చిన్నవాడు. అరవలేదు.

"శకునం కోసం నీళ్ళు తాగినారు, బాగానే ఉన్నాది బంగారురాజు గారూ. మధ్యలో ఆపితే మటుకు మళ్ళీ మొదటి నుంచి సూసుకోవాల. మీ అమ్మగారు పక్కన ఉండుంటే ఏటి సేసేవారు?"

ఆ చివరి మాట వాడికి ముల్లులా దిగబడిపోయింది. చిన్నప్పుడు మా కాన్వెంటు సిస్టరమ్మదీ జయకృష్ణ పద్ధతే. ప్రార్థన మధ్యలో ఎవడైనా కిసుక్కుమంటే అందరిచేతా మొదటి నుంచి చెప్పించేది. నా పుణ్యమా అని మా క్లాసు మొత్తం దేవుడికి బాగా దగ్గరైంది.

ముసురు పట్టుకుంది. మధ్యలో ఒకరోజు తెరిపిచ్చింది. బంగారురాజు అక్కనూ నన్నూ క్లబ్బుకు తీసుకెళ్ళి షెడ్డు నీడలో కూర్చోబెట్టాడు. అక్క పట్టుచీర కట్టింది. వాడు విమానం చుట్టూ తిరిగి చూడటం ఇంచుమించు పూర్తయింది. ఇంతలో గంగులు వచ్చి, "బాబూ, మీ కారు పెట్రోలు బండికి అడ్డమున్నాది," అన్నాడు.

వాడు వెళ్ళి కారు పక్కకు పెట్టి వచ్చాడు. వచ్చి మొదటి చక్రం దగ్గర మళ్ళీ వంగాడు.

"ఇందాకే సూసినావు కదరా!" అంది అక్క.

"మళ్ళీ సూడాలమ్మా."

"ఒరే, సముద్రం వైపు నల్లగా ఉన్నాది. తొరగా కానీ," అన్నాను నేను.

వాడు రెక్క దగ్గరికి నడిచాడు. మళ్ళీ నిచ్చెనెక్కి, మూత తీసి, కొలిచి, బిగించి, చేత్తో ఊపి చూశాడు. అన్నీ అయ్యాక అక్కను ఎక్కించి బెల్టు పెట్టాడు. అప్పటికే జయకృష్ణ చేతులూపుకుంటూ వస్తున్నాడు.

"గాలి తిరిగిపోనాది. ఇంక వద్దండి."

అద్దం మీద చినుకులు పడ్డాయి. అక్క బెల్టు పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఇందాకే ఎల్లిపోయుంటే సూసేద్దును కదరా?"

బంగారురాజు ఆమె బెల్టు విప్పాడు.

ఆ తర్వాత ముసురు విడవలేదు. దసరాకి ఆకాశం తేటపడేసరికి అక్కకు కిటికీ ఎటు ఉందో మాత్రమే తెలిసేది. నేను బంగారురాజును పక్కకు పిలిచాను. "ఎప్పుడో ఒకరోజు మీ అమ్మ ఆ రెండోపాలి సూసిన సంగతి అడుగుతాది. మరమేకు ఏదో వదులుగా దొరికినాదని సెప్పెయ్. ముసల్దాని మనసు నిదానిస్తాది."

"నీ కతలు నాకొద్దు మావా."

ఆ సాయంత్రమే అక్క అడిగింది.

"బంగారీ, ఆ రోజు రెండోపాలి సూసినావు కదా. ఏటైనా దొరికినాదా?"

వాడు నా వైపు చూశాడు. నేను కళ్ళతో సైగ చేశాను.

"లేదమ్మా. ఏటీ దొరకలేదు. అంతా బాగానే ఉన్నాది."

అక్క కిటికీ వైపు తిరిగి పడుకుంది. అన్నం వేళయినా ఇటు తిరగలేదు.