సాంచా చెక్క గిటారు

పక్క గది రాజనర్సుది రాత్రి పాళీ, పగలు పడుకుంటాడు. ఒకనాడు పరుశురాం గిటారు మోతకు నిద్ర చెడి, లుంగీ ఎగ్గట్టి వచ్చి గడపలో నిలబడి అరిచాడు. పరుశురాం అటు వీపు పెట్టుకుని వాయిస్తూనే ఉన్నాడు, తల కూడా తిప్పలేదు. రాజనర్సు అతని తండ్రిని తిట్టాడు, తాతను తిట్టాడు, చివరికి గిటారును కన్నవాళ్లను కూడా తిట్టాడు. తిట్లు అయిపోయాక గొంతెండి, పరుశురాం భార్య మంగనే మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయాడు. ఒక్క మాట అనకుండా గెలిచిన మనిషిని సూరత్‌లోని మా గోడాదరా పేటలో నేను అతన్నే చూశాను. నాకంత ఓపిక లేదు, కావాలనీ లేదు.

పరుశురాంది సిరిసిల్ల దగ్గరి పల్లె. పెళ్లికి ముందు బ్యాండు మేళంలో ఎవరిదో గిటారు వాయించేవాడట. సూరత్ వచ్చి ఇరవై రెండేళ్లు, అన్నేళ్లూ సాంచాల మధ్యే, అంటే మరమగ్గాల మధ్యే నిలబడ్డాడు. కార్ఖానాలో పాత మగ్గాలు విరగ్గొట్టి తూకానికి వేస్తుంటే ఒక టేకు దిమ్మె అడిగి తెచ్చుకున్నాడు. ఏడు నెలలు చెక్కాడు. తీగల కింద అయస్కాంతాలు పెట్టి, వాటికి వెంట్రుకంత రాగితీగ వేల చుట్లు చుట్టాలట. కండెలు చుట్టే మర మీద చుట్టాడు. నాలుగుసార్లు తెగింది. దారమైతే ముడి వేసేవాణ్ని, ఇది మొదటికొచ్చిందని చెప్పి మళ్లీ కూర్చున్నాడు. ముఖంలో విసుగూ లేదు, సంతోషమూ లేదు.

మొన్న తమలపాకు నములుతూ మంగ కోసం వాళ్ల గదిలోకి వెళ్లాను. ఆమె లేదు. అతను వాయిస్తున్నాడు. నా కాలు తగిలి గిటారు నుంచి స్పీకరు పెట్టెకు పోయే వైరు ఊడింది. పాట ఆగింది. అతని వేళ్లు ఆగలేదు. తీగలు దోమల్లా గీపెడుతుంటే, గిటారును పక్కటెముకలకు ఆనించుకుని, కళ్లు మూసి తల ఊపుతున్నాడు. కళ్లు తెరిచేసరికి నా చేతిలో వైరు కనిపించింది.

"ఎన్నాళ్ల నుంచిరా?" అన్నాను. నా నోటివైపు చూసి, రెండుసార్లు అడిగించుకున్నాడు. సాంచాల మోతలో పనిచేసేవాళ్లు పెదవులు చూసే మాట్లాడుకుంటారు. అందుకే ఇన్నాళ్లూ ఎవరం పట్టుకోలేదు.

మూడేళ్లుగా చెవులు పోతున్నాయట. గిటారు పూర్తయ్యేనాటికి మొత్తం పోయాయట. ఫోనులో శ్రుతి చూపే సూది చూసి తీగలు బిగిస్తాడు. చెక్క అదురు ఎముకకు తెలుస్తుంది. తాను చేసిన గిటారు గొంతు మాత్రం ఒక్కసారీ వినలేదు. ఆనాడు రాజనర్సు అంతసేపు తిట్టాడు కదా అంటే, "వచ్చిండా?" అన్నాడు.

వైరు నా చేతిలోంచి తీసుకుని మళ్లీ గుచ్చాడు.

"మంగను అడిగిన, పెద్దమ్మా. మంచిగున్నదంటది. దానికి నేను చేసిన వంట సుత మంచిగనే ఉంటది. నువ్వైతే మొఖమ్మీదనే అంటవు. ఇప్పుడు వాయిస్త. పాడుతున్నదా, ఏడుస్తున్నదా, రేకు గీకినట్టున్నదా, ఉన్నదున్నట్టు చెప్పు. జర నోట్ల ఆకు ఉమ్మేసి చెప్పు, పెదవులు కనవడాలె."