అడిగినవాళ్లు, కొన్నవాళ్లు

షేర్ల లెక్కలు రెండేళ్లు సొంతంగా నేర్చుకున్నాను. ఆ ఉదయం ఒక కంపెనీ షేర్లు యాభై వేలు కొంటామంటూ ఫోనులో ఆర్డర్లు కనిపించాయి. ఇంత గిరాకీ ఉంటే ధర పడదనుకుని, నా భార్య మోకాలి ఆపరేషన్‌కు దాచిన లక్షకు బ్రోకరు అప్పుగా ఇచ్చే మార్జిన్ కలిపి అయిదు లక్షల షేర్లు కొన్నాను. రెప్పపాటులో ఆ ఆర్డర్లన్నీ పెట్టినవాళ్లే రద్దు చేసుకున్నారు. ధర జారింది. తేరుకుని అమ్మేసరికి పద్దెనిమిది వేలు పోయాయి.

నెల్లిమర్ల సంతలో కూరగాయలమ్మే నా భార్యకు అంతా చెప్పాను. మోకాలు నిమురుకుంటూ వింది.

“బేరమాడినోళ్లందరూ కొంటారేటి? గంపలోంచి ఎంత ఎల్లిందో సూడాల గానీ,” అంది.

ఆపరేషన్ మూడు నెలలు వెనక్కి వెళ్లింది. అన్నాళ్లూ సంతకు గంప నేనే మోశాను. ధర అడిగి వెళ్లిపోయేవాళ్లను చూస్తూ ఆమె పక్కన కూర్చున్నాను.